నెత్తురు దారిలో మందు

విశాఖపట్నంలో 1923లో వైద్య కళాశాల పెట్టారు. ఇవాళ దాన్ని ఆంధ్ర మెడికల్ కాలేజీ అంటున్నాం. నూరేళ్లలో అక్కడ చదివి బయటికొచ్చిన డాక్టర్లు ఏ దేశం వెళ్లినా ఎక్కడో ఒకచోట కనిపిస్తారు. వాళ్లందరి చదువూ డిసెక్షన్ హాల్లోనే మొదలైంది. చనిపోయిన మనిషి దేహం ముందు కత్తి పట్టుకుని, ఎక్కడ కోయాలో తెలియక పక్కవాడి మొహం చూడటంతో మొదలైంది.

ఆ మొదటి రోజుల గురించి డాక్టర్లు చాలా చెప్తారు. కళ్లు మండటం, అన్నం సయించకపోవడం, నాలుగు వారాలకి అంతా మామూలైపోవడం. ఆ దేహాన్ని అలా నిలబెట్టిన పని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇది సముద్రపు ఊరు. వేసవిలో ఒక్కరోజు వదిలేస్తే దగ్గరికి వెళ్లలేని స్థితికొచ్చే శరీరం నెలల తరబడి కండ కండగా, నరం నరంగా నిలవడం దానంతట అది జరగదు. అది చేతిపని. దాన్ని ఎంబామింగ్ అంటారు. ఆ పనితనం తెలియాలంటే ముందు అది దేనితో తలపడుతోందో చూడాలి. ఎందుకంటే అవతల ఉన్నది కూడా సామాన్యమైన పనివాడు కాదు.

గుండె ఆగిన కొద్ది నిమిషాలకే కణాలు తమను తాము విప్పుకోవడం మొదలుపెడతాయి. ప్రాణవాయువు అందదు, ఏటీపీ అనే ఇంధనం తయారవదు. ప్రతి కణంలోనూ లైసోజోములనే చిన్న సంచుల్లో జీర్ణం చేసే ఎంజైములుంటాయి. బతికున్నంతకాలం అవి అదుపులో ఉండి ఇంట్లో చెత్త ఎత్తిపోస్తాయి. ఇంధనం ఆగాక సంచులు చిట్లుతాయి, ఎంజైములు ఇంటినే తినేస్తాయి. అన్నిటికన్నా ముందు పాడయ్యేవాటిలో క్లోమం ఒకటి. జీర్ణరసాల కార్ఖానా అదే కాబట్టి తన సరుకుకి తానే బలవుతుంది. చివరిదాకా నిలిచేవి ఆడవాళ్లలో గర్భసంచి, మగవాళ్లలో ప్రోస్టేటు. మిగతా మెత్తని అవయవాలన్నీ కరిగిపోయాక కూడా శవం ఆడో మగో డాక్టర్లు చెప్పగలిగేది చాలాసార్లు వీటి పుణ్యమే.

అదే ఇంధనం లేకపోవడం వల్లే శవం కొయ్యబారుతుంది. కండరం బిగియడానికే కాదు, బిగిసిన కండరం వదలడానికి కూడా ఏటీపీ కావాలి. అది లేకపోతే కండరంలోని ఆక్టిన్, మయోసిన్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని అలాగే ఉండిపోతాయి. ముందు కనురెప్పలు, తర్వాత దవడ, మెడ, చేతులు, చివరికి కాళ్లు బిగుస్తాయి. బిగియడానికి 12 గంటలు, అలా ఉండటానికి 12, వదలడానికి 12 అని విద్యార్థులకి నేర్పే మోటు లెక్క. మన ఎండలకి ఆ లెక్క ఇంకా కుదించుకుపోతుంది. బిగిసిన వరసలోనే వదులుతుంది కూడా.

ఇక అసలు పని బాక్టీరియాది. అవి బయటినుంచి రానక్కర్లేదు. మనతో బాటే పుట్టి పెరిగి మన తిండే తిన్న పేగుల్లోని కోట్లాది సూక్ష్మజీవులు చాలు. బతికున్నప్పుడు పేగు గోడ దాటనివ్వని కాపలా చావుతో పోతుంది. అవి పైకి కనిపించే మొదటి చోటు కుడివైపు పొత్తికడుపు. పెద్దపేగు మొదలయ్యే సీకం అక్కడే ఉంటుంది, చర్మానికి దగ్గరగా ఉంటుంది, అందులో సరుకు పలచగా, బాక్టీరియాతో నిండి ఉంటుంది. అవి విడిచే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు నెత్తుర్లోని హిమోగ్లోబిన్‌తో కలిసి ఆకుపచ్చ మచ్చ వేస్తుంది. వేసవిలో 12 నుంచి 18 గంటల్లో, చలికాలంలో ఒకటి రెండు రోజుల్లో ఆ మచ్చ తేలుతుంది.

ఆ తర్వాతి ఘట్టం చూసి ఫోరెన్సిక్ డాక్టర్లు కూడా ఒక క్షణం ఆగుతారు. ఒకటిన్నర, రెండు రోజులకి భుజాలమీద, తొడలమీద, కడుపు పక్కల చర్మం కింద ఊదా, ఆకుపచ్చ కలిసిన గీతలు కొమ్మలు కొమ్మలుగా చీలుతూ పైకి తేలతాయి. అనాటమీ పుస్తకంలో బొమ్మ గీసినంత స్పష్టంగా ఉంటాయి. అవి నెత్తురు నాళాలు. బాక్టీరియా ఒంట్లో విస్తరించడానికి ఎంచుకున్న రహదారి అదే. లోపల తేమ ఉంది, తినడానికి నెత్తురుంది, దారి ప్రతి వేలికొసకీ పోతుంది. ఇంతకన్నా అనువైన మార్గం ఏ పొరుగు రాజైనా దండయాత్రకి కోరుకోడు.

ఎంబామింగ్ కిటుకంతా ఇక్కడే ఉంది. కుళ్లు నడిచే దారీ, కుళ్లుని ఆపే మందు నడిచే దారీ ఒకటే. పనివాడి తెలివి ఆ దారిలో బాక్టీరియా కన్నా ముందు వెళ్లడంలో ఉంది.

ముందు వెళ్లడమంటే విశాఖలో మాటలు కాదు. సుమారు 21 నుంచి 38 డిగ్రీల వేడిలో కుళ్లు జోరందుకుంటుంది. మన ఊరి వేడి ఏడాదిలో ఎక్కువ భాగం ఆ హద్దుల్లోనే ఉంటుంది, పైన గాలిలో తేమ. ఈగలు నిమిషాల్లో వాసన పట్టేస్తాయి. కంటి కొసల్లో, ముక్కు పుటాల్లో, గాయముంటే గాయంలో గుడ్లు పెడతాయి, మన వేడికి ఆ గుడ్లు ఒక్కరోజు లోపే పిగులుతాయి. నేర పరిశోధనకి ఈగ సాక్ష్యం ఇవాళ్టి సంగతి కాదు. 1247లో చైనాలో సాంగ్ ట్సు రాసిన గ్రంథంలో, ఊళ్లో కొడవళ్లన్నీ వరసగా నేలమీద పెట్టించి, ఈగలు వాలిన కొడవలి యజమానే హంతకుడని తేల్చిన ఉదంతం ఉంది. కడిగేసినా నెత్తుటి జాడ ఈగకి తెలిసింది.

రేవు ఊరు కాబట్టి నీళ్ల సంగతీ చెప్పుకోవాలి. గాలిలో ఒక వారంలో జరిగే కుళ్లు నీళ్లలో రెండు వారాలకి, మట్టిలో ఎనిమిది వారాలకి జరుగుతుందని పాతకాలపు కాస్పర్ సూత్రం. మోటు లెక్కే గాని, అలల్లో గల్లంతైన మనిషి ఎన్నో రోజుకి పైకి తేలాడో, ఒడ్డుకొచ్చాక ఎంత తొందరగా పాడవుతాడో ఆలోచించేవాళ్లకి ఇప్పటికీ ఊతమిస్తుంది. ఈ మార్పుల కొలతలు మన దేశపు వేడికి తగ్గట్టు నేర్చుకోవడానికి దేశమంతా వైద్య విద్యార్థులు తిరగేసే పుస్తకం ఒక తెలుగాయన రాసిందే. హైదరాబాదు ఉస్మానియా మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ కె.ఎస్. నారాయణరెడ్డి ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠ్యపుస్తకం అది.

కుళ్లుని శత్రువుగా చూడకుండా పనిలో పెట్టుకున్నవాడు మన దగ్గర ఒకాయన ఉన్నాడు. సుశ్రుతుడు. శల్యవైద్యుడు కావాలంటే శవాన్ని చూసి తీరాలని చెప్పి, పద్ధతి కూడా చెప్పాడు. దేహాన్ని గడ్డితోనో నారతోనో చుట్టి, పంజరంలో పెట్టి, మనుషులు రాని చోట పారే నీళ్లలో ఏడు రాత్రులు ఉంచాలి. బాగా నానాక తీసి వట్టివేళ్లతో, వెంట్రుకలతో, వెదురుతో చేసిన కుంచెలతో నెమ్మదిగా రుద్దుతూ, చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరా చూడాలి. కత్తి చేయవలసిన పని కుళ్లుకి అప్పజెప్పాడన్నమాట. అయితే ఆ పద్ధతిలో ముందు కరిగిపోయేవి ముందు కరిగిపోతాయి. సన్నని నరాలు, చిన్న నాళాలు కుంచె కిందికి వచ్చేసరికి మిగలవు. చూడగలిగే వ్యవధి కూడా కొద్ది గంటలే. కలకత్తా మెడికల్ కాలేజీలో 1836లో మధుసూదన్ గుప్తా కత్తి పట్టి శవం కోసినప్పటినుంచి మన దేశపు ఆధునిక వైద్యవిద్యకి పొర పొరా తీరిగ్గా చూసే దారి తెరుచుకుంది. తీరిగ్గా చూడాలంటే దేహం ఆగాలి. ఆపడమే ఎంబామర్ పని.

అనాటమీ శాఖల్లో ఆ పని ఇలా సాగుతుంది. దేహాన్ని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి కడుగుతారు. కొయ్యబారి ఉంటే చేతులు, కాళ్లు కీళ్ల దగ్గర మెల్లగా వంచి, ఒత్తి వదులు చేస్తారు, లేకపోతే బిగిసిన కండరాల మధ్య నాళాలు నలిగి మందు పారదు. తర్వాత గజ్జ దగ్గరికి వస్తారు. తుంటి ఎముక ముందు కొసనుంచి రెండు జఘనాస్థులు కలిసే చోటుకి ఒక గీత ఊహించుకుంటే, దానికి సరిగ్గా సగంలో తొడ ధమని దిగుతుంది. బతికున్నవాళ్లకి అక్కడ వేలు పెడితే నాడి కొట్టుకుంటుంది. ఇప్పుడు కొట్టుకోదు కాబట్టి లెక్కే ఆధారం. ఆ చోట రెండంగుళాల గాటు పెట్టి, కొవ్వు పక్కకి తోసి, వేలితో వెతుకుతారు. బయటినుంచి లోపలికి వరసగా నరం, ధమని, సిర ఉంటాయి. నరం గట్టిగా, తెల్లగా, బోలు లేకుండా ఉంటుంది. సిర పలచన, నీలిగా ఉండి నొక్కితే చదునైపోతుంది. ధమని గోడ మందం. ఖాళీగా ఉన్నా గుండ్రంగానే ఉంటుంది, వేలి కింద దొర్లుతుంది. చేయి తిరిగినవాడు కన్ను కన్నా వేలినే ఎక్కువ నమ్ముతాడు.

ధమని దొరికాక దాని కిందినుంచి రెండు దారాలు పోనిస్తారు. మధ్యలో అడ్డంగా చిన్న గాటు పెడతారు. గాటు ఎక్కువైతే నాళం రెండు ముక్కలై లోపలికి ముడుచుకుపోతుంది, మళ్లీ దొరకదు. సగానికి లోపే కోయాలి. ఆ కంతలోనుంచి గొట్టాన్ని గుండెవైపు దూర్చి దారంతో బిగిస్తారు. గొట్టం రెండో కొస పైన వేలాడదీసిన డబ్బాకి ఉంటుంది. పంపులు వచ్చినా, ఇలా ఎత్తునుంచి దింపే పద్ధతిని చాలామంది వదల్లేదు. దానికి కారణముంది. దేహానికి 5, 6 అడుగుల ఎత్తులో పెట్టిన ద్రవం దిగే ఒత్తిడి లెక్కగడితే దాదాపు మనిషి రక్తపోటు అంతే వస్తుంది, అంటే 120కి అటూ ఇటూ. నాళాలు జీవితమంతా మోసిన ఒత్తిడి అదే, కాబట్టి వాటికది కొత్త కాదు. తొందరపడి పంపు జోరు పెంచితే సన్నని కేశనాళికలు పగులుతాయి, మొహం ఉబ్బుతుంది, మందు చేరవలసిన చోటికి చేరకుండా దారిలోనే కారిపోతుంది.

ఇందులో ఇంకో వెసులుబాటు ఉంది. చావు తర్వాత ధమనుల గోడలు ముడుచుకుని లోపలి నెత్తుటిని సిరలవైపు నెట్టేస్తాయి. ధమనులు దాదాపు ఖాళీగా మిగులుతాయి. పాత గ్రీకు వైద్యుల్లో కొందరు ధమనుల్లో గాలి ఉంటుందనుకోవడానికి కారణం ఇదే. నెత్తురు నిలిచిన సిరల పక్క బాక్టీరియాది అనుకుంటే, ఖాళీ అయిన ధమనుల పక్క ఎంబామర్‌ది. అటునుంచి వెళ్లిన మందు కేశనాళికలు దాటి సిరల్లోకి వస్తుంది. ఊరేగింపు కోసమో విమాన ప్రయాణం కోసమో చేసేటప్పుడు సిరకి కూడా గాటు పెట్టి నెత్తురు బయటికి తీస్తారు. పాఠం కోసం చేసేటప్పుడు చాలాచోట్ల తీయరు.

పెద్దవాళ్ల దేహానికి దరిదాపు 10 లీటర్లు పడుతుంది, బరువుని బట్టి ఎక్కువ తక్కువలుంటాయి. డబ్బా ఖాళీ అవుతుంటే పనివాడు డబ్బాని చూడడు, దేహాన్ని చూస్తాడు. కాలవ చివరి శివారు పొలానికి నీరందిందా లేదా అని గట్టుమీద తిరిగే రైతు చూపు అది. నుదుటి మీద, కణతల మీద నాళాలు తేలాయా. లోపలికి కుంగిన కనుగుడ్లు నిండుకున్నాయా. చెవితమ్మె గట్టిపడిందా. చేతివేళ్లు, కాలివేళ్లు నొక్కితే బిగువుగా ఉన్నాయా. ఎక్కడైనా నెత్తురు గడ్డ అడ్డుపడితే ఆ పైభాగం బిగుసుకుని, కిందిభాగం మెత్తగా ఉండిపోతుంది. మెత్తగా ఉన్న చోటే రేపు కుళ్లుతుంది. అక్కడికి సిరంజితో విడిగా ఎక్కించాలి. వేలికొసలు, అరికాళ్లు, పిరుదులు ఇలాంటి మొండి చోట్లు. చాలా జాగ్రత్తగా చేసిన పనికీ ఓ మోస్తరు పనికీ తేడా ఈ శివార్లలోనే బయటపడుతుంది, అదీ నెలల తర్వాత.

మందులో ఏముందంటే, ముఖ్యంగా ఫార్మలిన్. ఫార్మాల్డిహైడ్ వాయువుని నీళ్లలో కరిగించిన ద్రవం. 1893లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే వైద్యుడు దీన్ని క్రిములు చంపే మందుగా పరీక్షిస్తుంటే తన వేళ్ల చర్మమే గట్టిపడటం గమనించాడు. చర్మాన్ని పట్టేసింది మిగతా కణజాలాన్నీ పట్టేస్తుందని ఊహించాడు. ఫార్మాల్డిహైడ్ అణువు చాలా చిన్నది, ఎక్కడికైనా దూరుతుంది. ఒక ప్రొటీన్ గొలుసుని పక్క గొలుసుతో ముడివేసి కదలకుండా చేస్తుంది. ఇక్కడ మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. కణాలని తినే ఎంజైములూ ప్రొటీన్లే, బాక్టీరియాని నడిపేవీ ప్రొటీన్లే. కాబట్టి తిండినీ తినేవాడినీ కూడా ఒకే ముడిలో కట్టేస్తుంది.

ఒక్క ఫార్మలినే వాడితే దేహం చెక్కలా తయారవుతుంది, విద్యార్థి కత్తికి లొంగదు. అందుకని తేమ పోకుండా గ్లిజరిన్, బూజు పట్టకుండా ఫీనాల్, లోపలికి చప్పున ఇంకేలా ఆల్కహాల్ కలుపుతారు. పాళ్లు ఒక్కో శాఖలో ఒక్కో రకం, ఒక్కో పెద్దాయన దగ్గర ఒక్కో నమ్మకం. ఎండాకాలం వచ్చిన దేహానికీ, బక్కచిక్కిన దేహానికీ, నీరు పట్టిన దేహానికీ పాళ్లు మారతాయి. ఎక్కించడం అయ్యాక దేహాన్ని ఫార్మలిన్ తొట్టిలో కొన్ని నెలలు ముంచి ఉంచుతారు. బల్లమీదికి వచ్చాక కూడా పని అయిపోదు. సాయంత్రం విద్యార్థులు వెళ్లాక, విప్పిన భాగాలమీద తడిగుడ్డ కప్పి, ఆరకుండా చూసే మనిషి ఉండాలి. ఆ పని చాలాచోట్ల హాల్ అటెండర్లదే. కొత్తగా చేరిన డాక్టర్లకి ధమని వెతకడం చూపించేది కూడా చాలాసార్లు వాళ్లే. ఆ పనికి మూల్యమూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా తేల్చింది. కళ్లు మండటం మొదటి సంవత్సరం విద్యార్థికి కొన్ని నెలల ముచ్చట, అటెండర్‌కి ఉద్యోగమంతా. మంచి గాలి గొట్టాలు, చేతులకి తొడుగులు ఆ హాళ్లలో అలంకారాలు కావు.

ఇంటి ముందు అద్దాల ఫ్రీజర్ పెట్టె చూసి అదీ ఇలాంటిదే అనుకుంటాం. అమెరికానుంచి కొడుకు దిగేదాకా పెట్టెలో ఉంచడం ఇప్పుడు మన ఊళ్లలో మామూలైంది. ఆ పెట్టె చల్లదనంతో బాక్టీరియాని నిదానపరుస్తుంది, అంతే. కరెంటు పోతే కుళ్లు ఆగిన చోటునుంచే మళ్లీ బయల్దేరుతుంది. ఎంబామింగ్ అలా కాదు, వెనక్కి తిరగని మార్పు. గల్ఫ్‌లో చనిపోయిన సిక్కోలు కూలీ దేహాన్ని విమానంలో పంపాలంటే ఎంబామింగ్ సర్టిఫికెట్ అడిగేది అందుకే.

పాఠానికి దేహాలు ఎక్కడినుంచి వస్తాయి? ఒకప్పుడు ఎవరూ రాని అనాథ శవాలే ఎక్కువ. ఇప్పుడు తెలిసి ఇచ్చేవాళ్లు పెరుగుతున్నారు. విశాఖలో గూడూరు సీతామహాలక్ష్మి లాంటివాళ్లు దేహదానం మీద ప్రచారాన్ని ఉద్యమంలా నడుపుతున్నారు. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి చనిపోయినప్పుడు దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చారు. ఆ తర్వాతి నెలలో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహం హైదరాబాదు గాంధీ మెడికల్ కాలేజీకి వెళ్లింది. దానం చేస్తామని వచ్చినా కాలేజీలు కొన్ని దేహాలు తీసుకోవు. పోస్టుమార్టం అయినవి వద్దంటారు. హెచ్ఐవీ, హెపటైటిస్ ఉన్నవి వద్దంటారు. ఆలస్యమైనవి వద్దంటారు. ఇంట్లోవాళ్లకి కష్టమనిపిస్తుంది గాని ఆ నియమాల వెనక ఉన్నది పైన చెప్పిన పనే. పోస్టుమార్టంలో నాళాలు తెగిపోతాయి, మందు పోసిన చోటే కారిపోతుంది. రోగాలున్న దేహం కత్తి జారిన విద్యార్థికి ప్రమాదం. ఆలస్యమైతే నెత్తురు దారి అప్పటికే అవతలివాడి చేతిలో ఉంటుంది.

ఈ పనితనానికి పరీక్ష ఎక్కడ జరుగుతుందంటే, బొటనవేలి మొదట్లో. అరచేతిలో మీడియన్ నరంనుంచి ఒక చిన్న కొమ్మ చీలి బొటనవేలి దిమ్మెలోకి వంగి వెళ్తుంది. దారమంత సన్నం. అది తెగితే బొటనవేలు మిగతా వేళ్లకి ఎదురు రాదు, మనిషి సుత్తి పట్టలేడు, నట్టు బిగించలేడు, కలం కూడా సరిగ్గా పట్టలేడు. ఎంబామింగ్ సగంలో వదిలేసిన దేహంలో ముందు పోయేవి ఇలాంటి కొసలే. చక్కగా చేసిన దేహంలో, విద్యార్థి చర్మం, కొవ్వు తీసి, ఓపిగ్గా వెతికితే ఆ కొమ్మ ఉన్నచోటే దొరుకుతుంది. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, షిప్‌యార్డు ఉన్న ఊళ్లో చెయ్యి నలిగినవాళ్లు, తెగినవాళ్లు ఆసుపత్రికి రావడం కొత్త కాదు. ఆ గాయాన్ని విప్పి చూసే సర్జన్‌కి ఆ కొమ్మ ఎక్కడ వంగుతుందో తెలిసి ఉండటానికి కారణం, ఎన్నో ఏళ్ల కింద ఒక అటెండరు వేలికొసకి మందు చేరలేదని గమనించి, సిరంజి పట్టుకుని మళ్లీ బల్ల దగ్గరికి రావడం.

కాబట్టి దేహదానం చేయాలనుకున్నవాళ్లు చేయవలసింది సంతకంతో ఆగదు. చివరికి దేహం అప్పగించేది కుటుంబమే కనుక ఇంట్లోవాళ్లని ముందే ఒప్పించాలి. కాలేజీ ఫోన్ నంబరు అందరికీ తెలిసేలా గోడమీద రాసిపెట్టాలి. కళ్లు కూడా ఇవ్వాలనుకుంటే 6 గంటల్లోపు తీసుకోవాలి, హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉండనే ఉంది. రెప్పలు మూసి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టి ఉంచాలి. చుట్టాలందరూ వచ్చాక చూద్దామంటే విశాఖ ఎండ ఆగదు. ఎంత గొప్ప పనివాడికైనా పని చేయడానికి మనం మిగిల్చే గంటలే పెట్టుబడి.